ఐదూ పదికి పసుపు మచ్చ

మొదటి గీత ఎప్పుడూ సముద్రానిదే.

ఇంపోర్ట్ అని ఒక పంక్తి,
ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా కావాలో ఇంకో పంక్తి,
చివర్న ప్లాట్ అన్న మాట, ఖాళీ బ్రాకెట్ల జంట.
అంతే, తెర మీద
లావాటి నీలి అల లేచి పడుతుంది.
పదిహేను కిలోమీటర్ల అవతల
తిరేనియన్ సముద్రం ఒడ్డుని తడుతున్న చప్పుడది.
ముడి డేటా అంటే ఇదే:
దగ్గరున్నవాళ్ళదే గొంతు.

రాత్రి డ్యూటీలో నాకీ పని ఇష్టం.
కింది శ్రుతుల్ని తెంచేస్తాను, సముద్రం పోతుంది.
యాభై హెర్ట్జ్ దగ్గర అడ్డంగా ఒక గీత,
వంకర లేదు, అలుపు లేదు.
ఇటలీలో వెలిగే బల్బులూ మూలిగే ఫ్రిజ్‌లూ
కలిసి గీసిన గీత. దాన్నీ కత్తిరిస్తాను.
తర్వాత వైటెన్.
సున్నం వెయ్యడం కాదు.
అరిచేవాళ్ళని తగ్గించి, గొణిగేవాళ్ళని పెంచి
అందర్నీ ఒకే ఎత్తున కూచోబెట్టడం,
బంతిభోజనంలాగ.

బియ్యంలో రాళ్ళేరడం అనుకోకండి.
రాళ్ళ బస్తాలో
ఒక్క గింజైనా ఉందేమో చూడటం.

జూన్ మొదలైనప్పట్నుంచీ
తెల్లవారి ఐదూ పదికి ఒక పసుపు మచ్చ.
ఊదారంగు చీకట్లో, అట్టడుగున,
ఎవరో పసుపు చెయ్యి అద్దినట్టు.
నాలుగు రోజులు చూశాను.
ఐదోరోజు డ్యూటీ దిగి సైకిలెక్కి
పడమటి గొట్టం వెంట పోయాను.
మూడు కిలోమీటర్ల చివర కాలవ,
కాలవ గట్టున రేకుల పాక,
పాకలో డీజిల్ పంపు, పంపు పక్కన ఫోస్కో.
డెబ్బై ఆరేళ్ళు. మొక్కజొన్నకి నీళ్ళు పెడుతున్నాడు.

"చుక్కల వాళ్ళా?" అన్నాడు నా బ్యాడ్జీ చూసి.

ఆపమని అడగడానికే వెళ్ళాను.
నేల నోళ్ళు తెరిచి ఉంది.
ఒక పీచు పండు తిని వచ్చేశాను.

ఆ మంగళవారం అది వచ్చింది.
రెండు కృష్ణబిలాలు
ఒకదాన్నొకటి చుట్టి చుట్టి ఒకటైపోయిన వణుకు.
నూట ముప్పై కోట్ల ఏళ్ళు నడిచి,
దారిలో ఎక్కడా దాహం అడక్కుండా,
సరిగ్గా ఐదూ పదికి.
సెకనులో ఐదోవంతు.
కింద మొదలై పైకి వంగిన ఒక వెంట్రుక.
దాని మొదలు మీదే
ఫోస్కో పంపు.

అమెరికాలోని రెండు డిటెక్టర్లలోనూ అదే వెంట్రుక,
వాటికి పంపు లేదు.
మీటింగులో మచ్చ తీసెయ్యమన్నారు.
తీశాను. ఆ పంపు ఎలా దగ్గుతుందో, ఎలా ఊపందుకుంటుందో
పాత రోజుల డేటాతో నేర్చుకుని
తీసివేత లెక్క చేశాను.
పేపర్లోకి వెళ్ళిన బొమ్మలో
ఐదూ పది శుభ్రంగా ఉంది,
ఆ ఉదయం ఎవరూ నిద్ర లేవనట్టు,
భూమ్మీద ఎక్కడా మొక్కజొన్న లేనట్టు.

తుడవని బొమ్మ ఒకటి ప్రింటు తీశాను.
అక్షాల పేర్లు మార్చి రాశాను:
అడ్డంగా "పొద్దు", నిలువుగా "శ్రుతి".

ఫోస్కో చేతులు తుడుచుకుని
కాగితాన్ని బారెడు దూరాన పట్టుకున్నాడు.
"ఒర్నెల్లా, ఇందులో నాదేది?"
చూపించాను.
"వాళ్ళది?"
చూపించాను. కళ్ళజోడు వెతుక్కుని వచ్చాడు.
చాలాసేపు చూశాడు.
"నాదే బాగా పండింది."

పాక గోడకి మేకు కొట్టాడు.
తలకిందులుగా.
చెప్పబోయి ఊరుకున్నాను.
అలా తిప్పితే పసుపు మచ్చ పైనుంటుంది,
వెంట్రుక దాన్నుంచి
కిందికి దిగిన వేరులా ఉంటుంది.
అతని లెక్కలో అదే సరైన దిక్కు.

"మళ్ళీ ఎప్పుడొస్తాయి?"
"చెప్పి రావు."
"చెప్పి వచ్చేది నీటిపన్ను వాడొక్కడే" అన్నాడు.

మర్నాడు ప్లాట్ గీస్తే
మచ్చ ఐదూ ఇరవైకి జరిగింది.

కాలవలో నీళ్ళు తగ్గాయో,
ఎవరికైనా దారి వదిలాడో, అడగలేదు.
ఆ పది నిమిషాల మీద మాత్రం
ఏ ఫిల్టరూ వెయ్యకుండా
సముద్రంతో సహా దాచుకున్నాను.